మైలపడని పిల్లాడు

ఫిబ్రవరి 3

తమ్ముడికి,

ఇన్నేళ్ళ తర్వాత అక్క ఉత్తరం రాసిందంటే ఏదో అవసరం పడి ఉంటుందని అనుకుంటావు. అవసరమే. ఆ మాట ముందే చెప్పేస్తే ఇద్దరికీ మొహమాటం ఉండదు.

నువ్వు బాప్తిస్మం తీసుకున్న వారంలో నాన్న నేల మీద కూర్చుని బతికున్న కొడుక్కి చావు సంతాపం పట్టారు. నేనూ పక్కనే కూర్చున్నాను. ఆ తర్వాత ఇంట్లో నీ ఊసు ఎవరూ ఎత్తలేదు. ఈ ఉత్తరం రాసినంత మాత్రాన అదేదో మారిపోయిందనుకోకు. మేం యూదులం, నువ్వు క్రైస్తవుడివి.

నా కొడుకు నువ్వు పనిచేసే పశువుల ఫారంలోనే కాపురం ఉంటున్నాడు కదా. స్తంభాల మీద లేపిన ఆ చెక్క ఇల్లూ, అందులోనే పుట్టి ఇప్పటిదాకా నేల మీద కాలు పెట్టని నా మనవడూ రోజూ నీ కళ్ళ ముందే ఉంటారు. నేను వాణ్ణి చూసింది ఒక్కసారి, పాలు తాగే వయసులో.

మొన్న కోడలు దొంగచాటుగా ఉత్తరం రాసింది. పిల్లాడు కాస్త పరిగెత్తితే పెదాలు నీలంగా అయిపోతున్నాయట. ఫారానికి వచ్చే డాక్టరు గుండెలో రంధ్రం ఉందన్నాడు. వానలు మొదలయ్యేలోపు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేయించకపోతే దక్కడన్నాడు. నా కొడుకు ససేమిరా అంటున్నాడు. ఆసుపత్రిలో మనుషులు చచ్చిపోతారు. శవం ఉన్న కప్పు కిందికి వెళ్ళినా, తెలియక సమాధి ఉన్న నేల తొక్కినా పిల్లాడికి చావు మైల అంటుతుంది. మిగతా మైలలు స్నానంతో పోతాయి. ఇది మాత్రం ఎర్ర పెయ్యని కాల్చిన బూడిద నీళ్ళతో తప్ప పోదు. ఆ బూడిద ఇప్పుడు లోకంలో ఎక్కడా లేదు. తయారు చేయాలంటే చావు మైల ఎన్నడూ అంటని మనిషి కావాలి. అందుకని నా మనవణ్ణి పెంచుతున్నాడు వాడు. పిల్లాడూ, నువ్వు మేపే ఆ పెయ్యా మచ్చ లేకుండా పెరిగితే ఎప్పుడో కాలిపోయిన మా దేవాలయం మళ్ళీ లేస్తుందట, బలులు మొదలవుతాయట, మమ్మల్ని విడిపించే మెస్సీయ వస్తాడట.

మీవాళ్ళకేమో అదే పెయ్య కాలితే మీ ప్రభువు రెండోసారి దిగుతాడని ఆశ. ఊరికే కట్టించి ఇచ్చాడా మీ యజమాని ఆ ఇల్లు?

చిన్నప్పుడు నీ భుజాల మీద తిరిగినవాడు నా కొడుకు. నీ మాట వింటాడేమో. వాణ్ణి అక్కడికి రప్పించింది నువ్వేనని నా అనుమానం. అది తర్వాత తేల్చుకుందాం. ముందు పిల్లాణ్ణి ఆసుపత్రికి పంపించు.

నాన్న కూతురు


ఫిబ్రవరి 14

అక్కకి,

నీ ఉత్తరం పశువుల శాలలో నిలబడే చదివాను. చేతిరాత ఏమీ మారలేదు, ఇప్పటికీ చూడగానే తిట్టినట్టే ఉంది. సంతోషం పట్టలేక పాలబిందె మీద కూర్చుండిపోయాను.

నీ కొడుకుని నేను రప్పించలేదు. ఒక రోజు కడుపుతో ఉన్న పెళ్ళాన్ని వెంటబెట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి వాడే ఎక్కువ కంగారుపడ్డాడు. "మామయ్యా, అమ్మకి చెప్పకు" అన్నాడు. "చెప్పడానికి మీ అమ్మకీ నాకూ మాటలెక్కడున్నాయిరా" అన్నాను. నమ్మితే నమ్ము.

పెయ్య సంగతి. నెత్తురు ఎండినట్టుండే ఎరుపు. పొద్దున్నే నీ కొడుకు భూతద్దం పట్టుకుని దాని ఒళ్ళంతా వెతుకుతాడు. వేరే రంగు వెంట్రుకలు రెండు కనిపించాయంటే పనికిరాదు. పిల్లాడు దాన్ని ఎర్రీ అని పిలుస్తాడు. వసారా చెక్కల మీద బోర్లా పడుకుని చెయ్యి కిందికి వేలాడేస్తే అది వచ్చి నాకుతుంది. చివరికి దాన్ని ఏం చేస్తారో వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పే ధైర్యం నాకూ లేదు.

నీ కొడుకుతో మాట్లాడాను.

"పెయ్యకి మూడో ఏడు నిండాలి మామయ్యా. ఇంకో ఏడాది. బూడిద తయారైన రోజే పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెడతాను."

"డాక్టరు వానల దాకే అన్నాడురా."

"డాక్టరుకి గుండె తెలుసు. అది ఎవరిదో తెలీదు."

ఈ మాట ఏడుస్తూనే అన్నాడు. నీ కొడుకు రాయి కాదక్కా. రాయైతే ఇంత భయం ఉండేది కాదు నాకు.

నువ్వు కోప్పడినా ఒకటి చెబుతాను. రక్తం చిందకుండా పాపం పోదని మన చిన్నప్పుడు నాన్నే నేర్పారు. బలిపీఠం కాలిపోయింది. దాని చోట మీరు ప్రార్థన పెట్టుకున్నారు, ఉపవాసం పెట్టుకున్నారు, దానధర్మాలు పెట్టుకున్నారు. నాకది చాలలేదు. అందుకే నేను నా ప్రభువు దగ్గరికి పోయాను. నీ కొడుక్కీ చాలలేదు, వాడు పెయ్య దగ్గరికి వచ్చాడు. ఇద్దరం ఒకే ఆకలితో ఇల్లు వదిలినవాళ్ళమే.

మళ్ళీ అడుగుతాను వాణ్ణి. రోజూ అడుగుతాను.

నువ్వు కాదన్నా నీ తమ్ముడు


మార్చి 1

తమ్ముడికి,

రోజూ అడుగుతానన్నావు. నువ్వు అడుగుతూ ఉండు, వాడు ఏడుస్తూ ఉంటాడు, పిల్లాడు నీలంగా అవుతూ ఉంటాడు.

నాన్న నేర్పారని నాకు చెబుతున్నావా? సగం పాఠం విని లేచిపోయే అలవాటు నీకు బళ్ళోనూ ఉండేది. తెలియక చేసిన తప్పుకి బలి. తెలిసి చేసినదానికి పశ్చాత్తాపంతో వెనక్కి తిరగడమే మందు, రక్తం కాదు. పిండి తప్ప ఏమీ లేని పేదవాడు పిడికెడు పిండి తెచ్చినా పాపం పోయేది. పిండిలో రక్తం ఎక్కడుందిరా? నీ బలులు నాకొద్దు, న్యాయం చేయండి అని ప్రవక్తలు గొంతు చించుకున్నారు. అది విననట్టు ఎలా ఉండగలిగావు? దేవుడు బలి అడిగాడని మన మూలపురుషుడు కన్నకొడుకుని కట్టెల మీద కట్టి కత్తి ఎత్తాడు. పైనుంచి వచ్చిన మాట ఏమిటి? పిల్లాడి మీద చెయ్యి వెయ్యకు అని. మన మతమంతా ఆ ఒక్క మాట మీద నిలబడిందని నేననుకుంటాను. నా కొడుకు ఆ కథ రోజూ చదువుతాడు, ఆ మాట దగ్గరికొచ్చేసరికి చెవుడొస్తుంది.

ఇక నీ సంగతి. మీ ప్రభువు రక్తం ఒక్కసారి చిందితే అన్ని బలులూ అయిపోయాయని కదా మీరు పాడేది? అయిపోతే ఇంకో పెయ్యకి గడ్డి ఎందుకు వేస్తున్నావు? నువ్వు దానికి నీళ్ళు పెట్టిన ప్రతిసారీ ఆయన రక్తం చాల్లేదని ఒప్పుకుంటున్నట్టే. ఇది నా మాట కాదు, మీ గ్రంథం ప్రకారమే.

నిన్నంతా సమాజమందిరం వాళ్ళ ప్రార్థనా పుస్తకాలు బైండు చేస్తూ కూర్చున్నాను. చేతులు జిగురు రాస్తున్నాయి గానీ బుర్ర అక్కడ లేదు. నాన్న చెప్పిన పాఠం ఒకటి గుర్తొచ్చింది. ఎర్ర పెయ్య మీద బరువు పడకూడదు. కాడి పెట్టకూడదు సరే, దాని మీద ఆనుకున్నా, విప్పిన బట్ట దాని వీపు మీద వేసినా సరే, ఇక అది మామూలు గొడ్డే. ఎవరూ కాల్చరు.

నీ కోటు విప్పి దాని వీపు మీద వెయ్యి. దానికి దెబ్బ తగలదు. బతికిపోతుంది కూడా. పెయ్య లేకపోతే పిల్లాణ్ణి ఆ చెక్కల మీద ఉంచే పని ఏముంది? అందరూ ఇంటికొచ్చేస్తారు.

ఇంతకంటే చిన్న పని ఎవరూ ఎవర్నీ అడిగి ఉండరు.

అక్క


మార్చి 16

అక్కకి,

నీ ఉత్తరంలో కొట్టిన దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి అడిగాను. "ఆ పెయ్య పాపం కోసం కాదు, ప్రవచనం నెరవేరడం కోసం" అన్నారు. అప్పుడు తలాడించాను. శాలకి తిరిగొచ్చాక పెయ్య మొహంలోకి చూడలేకపోయాను.

అయినా కోటు వెయ్యలేను. నేను జీవితమంతా ఎదురుచూసింది ఆయన రాక కోసం. నా చేత్తో దాన్ని ఆపమంటున్నావు. పైగా దొంగలా, ఎవరూ చూడనప్పుడు. నీ కొడుకు నన్ను నమ్మి దాన్ని అప్పజెప్పాడు.

మెస్సీయ వస్తే యుద్ధాలు ఆగాలి, కత్తులు నాగళ్ళు కావాలి, మరి మీవాడు వచ్చాక ఏం ఆగిందని నువ్వు అడుగుతావు. చిన్నప్పుడూ అడిగేదానివి. మొదటిసారి బాధపడటానికి, రెండోసారి ఏలడానికి అని నేననేవాణ్ణి. రెండు ప్రయాణాలని ఎక్కడ రాసుందిరా అని నువ్వు పుస్తకం నా ముందు పడేసేదానివి. ప్రవక్త రాసిన, మన రోగాలు మోసిన ఆ సేవకుడి అధ్యాయం చూపిస్తే, అది ఒక మనిషి కాదు, మన జనమంతా అనేదానివి. ఆ అధ్యాయం ఇప్పటికీ చదువుతాను. ఇప్పుడు చదివితే నాకు నా ప్రభువు కనిపించడం లేదు, ఆ పిల్లాడు కనిపిస్తున్నాడు. నోరు తెరవకుండా అందరి బరువూ మోస్తున్నాడు. అది నాకు నచ్చలేదు. నచ్చలేదని ఎవరికి చెప్పుకోను?

నిన్న బంతి వసారా చివరికి దొర్లితే పట్టుకోబోయి వాడు కూలబడ్డాడు. గోళ్ళు కూడా నీలం. వాళ్ళమ్మ ఒళ్ళో వేసుకుని మోకాళ్ళు కడుపుకి మడిచి పట్టుకుంది, అలా చేస్తే ఊపిరి ఆడుతుందని డాక్టరు చెప్పాడట. నీ కొడుకు గోడవైపు తిరిగి ప్రార్థన చేశాడు.

నాకూ ఒంట్లో అంత బాగుండటం లేదు. అన్నం సయించడం లేదు. అది పెద్ద సంగతి కాదులే.

తమ్ముడు


మార్చి 28

తమ్ముడికి,

నేను కోటు అడిగితే నువ్వు అధ్యాయాలు పంపించావు. పైగా అన్నం సయించడం లేదంటావు. నాకూ సయించడం లేదు. ఎవరికి సయిస్తుంది?

పిల్లల సంక్షేమం ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి ఆవిడ మంచిదే, కుర్చీ వేసింది. "తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్నారు, డాక్టరు వచ్చి చూస్తున్నాడు, కొట్టడం లేదు, పస్తు పెట్టడం లేదు. మేమేం రాసుకోవాలమ్మా?" అంది. మా సమాజమందిరం గురువుగారి కాళ్ళావేళ్ళా పడి నా కొడుక్కి ఉత్తరం రాయించాను. ప్రాణం నిలపడానికి ధర్మశాస్త్రం మొత్తం పక్కన పెట్టొచ్చు, పెట్టి తీరాలి అని ఆయన ఎర్రసిరాతో గీత గీసి మరీ రాశారు. ఆయన ఆలయం లేని రోజులకి అలవాటుపడిపోయిన గురువని నా కొడుకు జవాబిచ్చాడు. అంత పెద్దమనిషి ఆ ఉత్తరం మడిచి నా చేతిలోనే పెట్టేశారు.

శ్మశానం నుంచి చిన్న ఎముక తెచ్చి ఆ ఇంట్లో పెట్టినా చాలు, మైల అంటిన పిల్లాణ్ణి అక్కడ ఉంచే పనే ఉండదు. రాయకూడని మాట రాస్తున్నానని తెలుసు. నాకు సిగ్గు వదిలిపోయింది.

నువ్వు ఎదురుచూసేవాడు నిజంగా వస్తే నా మనవడి మీద నుంచి నడిచి వస్తాడా? ఆయన అలాంటివాడైతే నువ్వు ఆయన కోసం మమ్మల్ని వదిలి వెళ్ళేవాడివి కాదు. అంత మాత్రం నాకు నువ్వు తెలుసు.

అక్క


ఏప్రిల్ 9

అక్కకి,

వేశాను.

ఎముక తేలేదు. ఎవరి తల్లి కన్న ఎముకో, దాని నిద్ర చెడగొట్టే హక్కు నాకెక్కడిది? కోటు మాత్రం వేశాను. దొంగచాటుగా కాదు. పొద్దున భూతద్దంతో నీ కొడుకు పెయ్యని చూస్తున్నప్పుడే, వాడి ఎదురుగానే విప్పి, దాని వీపు మీద పరిచాను. పైగా దాని మీద చెయ్యి పెట్టి ఆనుకున్నాను, అనుమానానికి చోటు లేకుండా. పెయ్య తోక ఊపింది.

వాడు నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. భూతద్దం జేబులో పెట్టుకుని శాల నేల మీద కూర్చున్నాడు. "అమ్మ చెప్పిందా?" అన్నాడు. అవునన్నాను.

"మీ ఇద్దరూ కలిసి ఏం చేశారో తెలుసా మామయ్యా? ఇంకో ఏడాదిలో అయిపోయేది. వెనక కొట్టంలో పోయిన నెల పుట్టిన దూడ ఉంది, అదీ ఎర్రదే. దానికి మూడో ఏడు నిండాలంటే ఇప్పుడు మొదటి నుంచి లెక్క. అంతవరకూ పిల్లాణ్ణి దింపడానికి లేదు."

ఆ దూడని నేనే పుట్టించాను అక్కా. నా చేతులతోనే బయటికి లాగాను. నాకు తట్టలేదు, నీకు తెలియదు. పెయ్య పోతే పిల్లాణ్ణి వదిలేస్తారని ఇద్దరం అనుకున్నాం. వాడికి పిల్లాడే ముఖ్యం. పెయ్యలు పుడుతూనే ఉంటాయి, మైలపడని మనిషి మళ్ళీ దొరకడు.

యజమాని నన్ను పనిలోంచి తీసేశాడు. ఉండటానికి గది మాత్రం ఉంచాడు, చాలాకాలంగా ఉన్న మనిషినని. పెయ్యని మామూలు మందలో కలిపేశారు. పిల్లాడు వసారా మీద నుంచి ఎర్రీ ఎర్రీ అని పిలుస్తున్నాడు.

తమ్ముడు


ఏప్రిల్ 18

ఒరేయ్,

నీ ఉత్తరం చదివాక ప్రెస్సు కింద ఉన్న పుస్తకాలు తియ్యడం మర్చిపోయాను. అట్టలన్నీ నలిగిపోయాయి. పిల్లాడికి ఏడాది గడువు ఉంటే దాన్ని నేను మూడేళ్ళు చేశాను. వాడికి ఉన్నదేమో వానల దాకా.

ఎత్తుకొచ్చెయ్యి. ఇంకేమీ ఆలోచించకు. కోడలు అడ్డు చెప్పదు. వాణ్ణి భుజాన వేసుకుని గేటు దాటి రోడ్డెక్కు, తర్వాత పోలీసులు రానీ, నా కొడుకు నన్ను చంపనీ. నువ్వు గొడ్డుని లొంగదీసే మనిషివి, నాలుగేళ్ళ పిల్లాణ్ణి మొయ్యలేవా?

ఇంకో మాట. ఈసారి నీ అక్షరాలు గీతల మీద నిలబడటం లేదు. తాగుతున్నావా? పిల్లాడి ప్రాణం మీదికొచ్చిన వేళ నువ్వు సీసా పట్టుకుంటే నాన్న సంతాపం పట్టడం తప్పు కాదనుకుంటాను.

అక్క


మే 2

అక్కకి,

తాగడం లేదు. తాగినా నిలవదు. నా కాలేయంలో గడ్డ ఉంది, అది చాలా దూరం పాకింది. ఈ సంగతి శీతాకాలంలోనే తెలుసు. నీ మొదటి ఉత్తరం వచ్చినప్పటికే తెలుసు. ఇన్నేళ్ళకి మాట కలిపినదానివి, జబ్బు కబురుతో మొదలుపెట్టడం ఇష్టం లేకపోయింది. పిల్లాణ్ణి ఎత్తుకోమన్నావు. ఇప్పుడు నీళ్ళ చెంబు ఎత్తాలన్నా రెండు చేతులూ కావాలి. నిన్న గేటు దాకా నడిచి చూశాను, నీ మాట కొట్టెయ్యకూడదని. మధ్యలో కూర్చుండిపోతే వాచ్‌మన్ చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాడు.

ఒక సంగతి జరిగింది. ఆ చెక్క ఇంట్లో వంట చేసి పెట్టే ముసలావిడ, మా చర్చి మనిషి, పోయిన వారం పొయ్యి దగ్గరే కూలి చనిపోయింది. పిల్లాడు పక్క గదిలో ఉన్నాడు, కప్పు ఒకటే. మీ కోడలు పరిగెత్తుకుంటూ నా గదికొచ్చింది. "మైలపడ్డాడు బాబాయ్, దేవుడే దారి చూపించాడు, ఇక ఆసుపత్రికి తీసుకెళ్ళొచ్చు" అని నా చేతులు పట్టుకుని నవ్వుతూ ఏడ్చింది. అవతల ఒక మనిషి చచ్చి పడి ఉండగా అలా నవ్వినందుకు తర్వాత సిగ్గుపడింది. నీ కొడుకు పుస్తకాలన్నీ తీశాడు. పరాయి మతస్థుల శవం కప్పు కింద మైల తేదని ఒక పెద్దాయన మాట చూపించాడు. "ఆసుపత్రిలోనైతే మనవాళ్ళూ పోతారు, ఆవిడ మన మనిషి కాదు. పిల్లాడికేం కాలేదు" అన్నాడు. మీ కోడలు ఆ రోజు నుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదు.

"నా తండ్రి నాకు సంతాపం పట్టేశాడురా. ఆయన లెక్కలో నేను ఎప్పుడో పోయినవాణ్ణి. నేను నీ గుమ్మం తొక్కితే చాలదా?" అన్నాను వాడితో. నవ్వాడు. "అలా కుదరదు మామయ్యా, నిజంగా పోవాలి" అన్నాడు. అన్నాక ఏమన్నాడో వాడికి అర్థమైంది, నా కాళ్ళ దగ్గర కూర్చుని క్షమించమన్నాడు.

ఈ ఫారంలో మన తల్లి కడుపున పుట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. యూదు తల్లి కన్నవాడు చర్చికి పోయినా యూదుడేనని మీ పుస్తకాల్లో ఒక మాట ఉంది.

శాల పక్క గదిలో ఒంటరిగా ఉండలేకపోతున్నానని చెప్పి వాళ్ళింట్లో ఒక మూల అడిగాను. మీ కోడలు నా మొహంలోకి చూసి పక్క వేసింది. ఆమెకి అంతా తెలుసు. నీ కొడుక్కి నా జబ్బు ఎంత ముదిరిందో తెలియదు. అడిగితే చెబుతాను. అడగడం లేదు. అడగకుండా ఉండటానికి వాడూ కష్టపడుతున్నాడేమో.

నేను ప్రాణం తీసుకోవడం లేదక్కా, అది నా ప్రభువూ ఒప్పుకోడు, నాన్న దేవుడూ ఒప్పుకోడు. డాక్టరిచ్చిన మాత్రలన్నీ వేసుకుంటున్నాను. ఎప్పుడన్నది నా చేతిలో లేదు. ఎక్కడన్నది మాత్రం ఎంచుకున్నాను.

దీన్ని ఏమంటావో నాకు తెలుసు. నేనేమంటానో నీకు తెలుసు. ఈసారికి వాదన వద్దు, రాసే ఓపిక లేదు. పిల్లాడు నా పక్కనే పడుకుని నా గడ్డం వెంట్రుకల్లో నల్లవి ఎన్ని ఉన్నాయో వెతుకుతున్నాడు.

నీ తమ్ముడు


మే 11

తమ్ముడూ,

అక్కణ్ణుంచి వచ్చెయ్యి అని రాశాను. చింపేశాను. ఉండు అని రాశాను. అదీ చింపేశాను. తాగుబోతువని నిన్న గాక మొన్న రాసిన చేతిని ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

ఒకడి ప్రాణం ఇంకొకడికి బదులుగా చెల్లదు. తండ్రి పాపానికి కొడుకు చావకూడదు, కొడుకు కోసం తండ్రి చావకూడదు, ఎవడి ప్రాణానికి వాడే. నేను జీవితమంతా నమ్మింది ఇది. అది నమ్మే నీతో పోట్లాడాను. ఇప్పుడు పొద్దున లేవగానే వానలు ముందా, నువ్వు ముందా అని లెక్క వేస్తున్నాను. నా తమ్ముడు త్వరగా పోవాలని నా మనసు ఎక్కడో ఒక మూల కోరుకుంటోంది. నన్ను ఇలాంటిదాన్ని చేసి నువ్వు హాయిగా పిల్లాడి పక్కన పడుకున్నావు.

బండి ఎక్కుతున్నాను. నేను వచ్చేదాకా పోకు. పోవద్దు అనడం లేదు, నేను వచ్చేదాకా అంటున్నాను. అంతకంటే ఏమడగాలో తెలియడం లేదు.

నీ అక్క


మే 30

తమ్ముడూ,

నువ్వు ఆగలేదు. నేను గేటు దాటేసరికి నీ మొహం మీద గుడ్డ కప్పి ఉంది. పొద్దున పిల్లాడికి పాలగ్లాసు అందిస్తూ పోయావని కోడలు చెప్పింది. గ్లాసు కింద పడిందట, పాలు చెక్కల సందుల్లోంచి కిందికి కారాయట. నా కోసం ఎవరూ ఆగరని ముందే తెలిసుండాల్సింది.

నా కొడుకు మెట్ల కింద నిలబడి ఉన్నాడు. పైన నువ్వు, పిల్లాడు, కోడలు. కోడలు పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కదలడం లేదు, బయటికి తీసుకెళ్ళమని వాడంటాడేమోనని. వాడి చేతిలో పుస్తకం ఉంది, తెరవలేదు.

నన్ను చూసి ఒక్కటే అడిగాడు. "అమ్మా, మామయ్య మనవాడేనా?"

ఎందుకు అడుగుతున్నాడో నాకు తెలుసు. కాదంటే వంటావిడ శవంలాగే నీ శవం కూడా. పిల్లాడు మైలపడలేదు, ఆ చెక్కల మీదే ఉండిపోతాడు. అవునంటే అంతా అయిపోతుంది. నాన్న ఉంటే కాదనేవారు. ఇన్నేళ్ళుగా నేనూ అన్నాను, నీకు రాసిన మొదటి ఉత్తరంలోనూ అన్నాను.

"నా తల్లి కడుపున పుట్టాడు. మనవాడే" అన్నాను.

"పిల్లాడి కోసం అంటున్నావు."

"పిల్లాడి కోసమే వచ్చాను, అది నిజం. ఈ మాట మాత్రం పిల్లాడు లేకపోయినా నిజమే. వాడు ఎవరికి మొక్కినా మనవాడే. నాన్న సంతాపం పట్టారే గానీ వాణ్ణి పరాయివాణ్ణి చేయలేకపోయారు. చేయలేకే అంత ఏడ్చారు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక అర్థమైంది, నాకు ఎప్పుడూ తెలుసని. నా కొడుకు చేతిలోని పుస్తకం మెట్టు మీద పెట్టాడు. కావాలంటే ఇంకో పుస్తకం, ఇంకో పెద్దాయన మాట వెతికి ఉండేవాడు, వాడికి తెలివి తక్కువేం కాదు. వెతకలేదు. పైకి వెళ్ళి, కొడుకుని ఎత్తుకుని, మెట్లు దిగి వచ్చాడు. దిగుతూ ఎంత ఏడ్చాడంటే, పిల్లాడు వాడి కళ్ళు తుడుస్తూ "నేను బరువున్నానా నాన్నా?" అని అడిగాడు.

మీ చర్చి వాళ్ళు నీ కోసం వచ్చారు. మనవాడైతే మన శ్మశానానికే కదా అని నా కొడుకు అన్నాడు. పోయే చోటు వాడే ఎంచుకున్నాడు, పడుకునే చోటు కూడా వాడికి ఇష్టమైనదే ఉండనీ అన్నాను. నిన్ను మీవాళ్ళ మధ్యే పడుకోబెట్టారు. సమాధి దగ్గర మీ పాస్టరు నీది క్రీస్తు లాంటి త్యాగమన్నాడు. కాదని అడ్డు తగలబోయి, నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకోవడం నువ్వు చూడలేదు, చూసి ఉంటే నవ్వేవాడివి.

ఆపరేషన్ అయింది. రంధ్రం మూశారు. రెండు రోజులు గాజు గదిలో గొట్టాల మధ్య ఉన్నాడు, నిన్న వార్డులోకి తెచ్చారు. డాక్టరు ఇంకా గట్టిగా ఏమీ అనడం లేదు, ఊపిరితిత్తులు చాలా కాలం కష్టపడ్డాయట. పెదాలు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఈ ఉత్తరం వాడి మంచం పక్కనే రాస్తున్నాను. నా కొడుకు బయట బెంచీ మీద కూర్చున్నాడు. రోజంతా అక్కడే ఉంటాడు, ఏమీ తినడు, నాతో మాట్లాడడు. ఒక్కసారి మాత్రం, "అమ్మా, ఇప్పుడు ఎవరు వస్తారు మన కోసం?" అన్నాడు.

ఇక మన గొడవ. నీది బలి అని నేను ఒప్పుకోను. బలి అంటే అడిగేవాడు ఒకడుండాలి. దేవుడు నిన్ను అడగలేదు, అంత మాత్రం ఆయన గురించి నాకు తెలుసు. ఇంతవరకూ బాగానే వాదించాను. ఇక్కడికొచ్చి కలం ఆగిపోయింది. కోటు వెయ్యమని ఎవరు అడిగారు? ఎముక తెమ్మని, ఎత్తుకొచ్చెయ్యమని ఎవరు అడిగారు? నువ్వు లేవలేని స్థితిలో ఉండగా ఉత్తరం మీద ఉత్తరం రాసి, ఏదో ఒకటి చెయ్యమని నీ ప్రాణం తీసింది నేనే. అడిగింది నేనైతే అది ఏమవుతుంది తమ్ముడూ?

దీనికి జవాబు నువ్వే రాయాలి. మీ పాస్టరు చెప్పినా, మా గురువుగారు చెప్పినా నేను వినను.

నీ అక్క